అంగుళం పొగ

రాత్రి రెండింటికి మాదాపూర్‌ల బార్ బందు చేసి
ఖాళీ సీసాల లెక్క రాసేటప్పుడు
మెస్కాల్ సీసా అడుగున అంగుళం మిగిలింది.
దగ్గుమందు సీసాలకు వంపుకొని
జేబుల పెట్టుకొని ధూల్‌పేటకొచ్చిన.

కింది వాటాల ఛబీలాబాయికి నిద్ర పట్టదు.
గుడ్డి బల్బు కింద కూసోని
వినాయకుని చెవులకు ఉప్పుకాగితం రుద్దుతది.
చవితికి ఇంకా నలభై రోజులు.
వాకిలి నిండ తొండాలు పెట్టని దేవుళ్ళు.

"ఏం తెచ్చినవ్ రాజలింగం?"
"వాసన చూసి చెప్పు."

ముందుగాల మూత తియ్యలే.
సీసాను గట్టిగ ఊపి బల్బుకు అడ్డం పట్టింది.
బుడగలు అంచు పొంటి పూసల లెక్క కూసున్నయి,
చానాసేపు పగల్లే.
"నీళ్ళు కలపలే," అన్నది.

రెండు చుక్కలు అరచేతుల పోసుకొని, రుద్ది,
ముఖమంత ఆ చేతులల్ల దాచుకుంది.
నేను ఆ చేతుల బయట నిలబడ్డ.

ఎప్పటికో, లోపలి నుంచే మాట్లాడింది:
మట్టిల పెట్టి కాల్చిన్రు దీన్ని.
కట్టె పూర్తిగ ఎండలే, పొగకు కొంచెం ఏడుపుంది.
కాలిన బెల్లం... కాదు కాదు,
నిప్పుల కింద మరిచిపోయిన గెనుసుగడ్డ.
వాన పడ్డ బండ.
దాని ఎనుక పచ్చిమిరపకాయ తొడిమ.
మొదటి ధార పారబోసిన్రు, భయమున్నోళ్ళు.
ఎవరో గాని, కుండ కాడ కునుకు తియ్యలే.

మూడేండ్ల సంది కౌంటర్ ఎనుక నిలబడి
అట్ట మీది మాటలు గిరాకీలకు అప్పజెప్పుతున్న.
ఏడుపు అన్న మాట
ఆ అట్ట మీద లేదు.

"ఏం చెట్టు?"
కిత్తనార అసొంటిదే అన్న.
పదేండ్లు ఆగి గడ్డ నరుకుతరంట,
కాలిన రాళ్ళ గుంతల మూడు రోజులు పూడ్చి
గుర్రంతోటి రాయి తిప్పి నలుపుతరంట.
ఆ ఊరి పేరు నాకు నోరు తిరగదు.
"కిత్తనారనా!
మా అన్నలు లింగంపల్లి పట్టాల పొంటి కోసుకొచ్చి
తాళ్ళు పేనిన్రు.
తాగొచ్చని ఎవ్వడు చెప్పలే."

ఆమె బట్టీ ఈ వాకిట్లనే ఉండేదంట.
నాలుగే కుండలు.
అయిదోది పెడితే మనసు చెదురుతదని పెట్టలే.
ఇప్పపువ్వు ఉట్నూరు బస్సు టాపు మీద వచ్చేది,
నల్లబెల్లం బేగంబజార్ల,
తుమ్మచెక్క ఎవరు తెచ్చేటోళ్ళో ఇప్పటికీ చెప్పదు.
కుండ మీద కుండ, సందులకు బంకమట్టి,
పై నీళ్ళు కాగకముందే మార్చాలె,
జర ఆలస్యమైతే సారాయి అలుగుతది.
"ఎండపూట కాసిందాని రుచి వేరు, మొగులు పట్టిననాటిది వేరు.
రోజూ ఒక్కతీరుగ వస్తే అది సోడా."

పక్క గల్లీల తొందరపడ్డోళ్ళు నవసాగరం కలిపిన్రు.
"వాళ్ళు సారాయి కాయలే, శవాలు కాసిన్రు."
ఉప్పుకాగితం ఆగింది.
ఆ శవాలల్ల ఒకటి ఆమె మరిది గులాబ్‌సింగ్.
తెల్లారి లాఠీలు వచ్చినయి.
ఆ గల్లీ కుండ ఏదో, ఈ వాకిలి కుండ ఏదో
లాఠీకి ఏం ఎరుక?

"గిలాసు ఎంతకమ్ముతరు మీ కాడ?"
"పదహారు వందలు."
నవ్వింది. పోతపోసిన దేవుళ్ళకు
పగుళ్ళొస్తయేమో అనుకున్న.
"నాకు జుర్మానా ఐదు వందలేసిన్రు.
ముక్కుపుల్ల కుదువపెట్టి కట్టిన."

తాగుతదనుకున్న.
తాగలే.
చీర కొంచెం పైకి జరుపుకొని
మిగిలిందంత రెండు మోకాళ్ళకు పంచి రాసుకుంది,
ఎడమదానికి ఒక చుక్క ఎక్కువ.

పొద్దున నల్లా కాడ అడిగిన,
నొప్పి తగ్గిందా అని.
"నొప్పి అట్లనే ఉంది.
దుప్పట్ల మాత్రం రాత్రంత
మా పాత వాకిలి వాసన.
జరుగు, నీ బిందె నిండింది."