నూన్ లేని వరుస

తిబెరియలో ఆగస్టు. సరస్సు ఊపిరి బిగబట్టినట్టుంది.
రాత్రి బడి కిటికీకి ఒక్క రెక్కే మిగిలింది,
దాని పక్కన ఎస్మర్,
నలభై ఆరేళ్ళకి పదో తరగతి.
పగలంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచి
వేళ్ళకి బ్లీచింగ్ వాసన అంటుకున్న మనిషి.

పంతులమ్మ పెనీనా సుద్దముక్కతో మూడక్షరాలు రాసింది:
నూన్, పే, లామెద్.
"మన మాటలకి మూడేసి ఎముకలు. మిగతాదంతా కండే.
ఈ మూడూ కలిస్తే పడటం.
నఫల్, పడ్డాడు.
ఇప్పుడు 'పడతాడు' అనండి చూద్దాం."
యిప్పోల్, అంది తరగతి.
"మరి నూన్ ఏదీ?"

ఎవరూ చెప్పలేదు.
పే పొట్టలో ఒక చుక్క పెట్టింది పెనీనా.
"ఇదిగో, రాలిపోయిన నూన్ ఇక్కడుంది.
ఈ చుక్కలు పెట్టిన పండితులు ఈ ఊరివాళ్ళే,
బస్టాండు వెనక ఎక్కడో పడుకుని ఉంటారు."

(తెలుగు వ్యాకరణం బట్టీపట్టిన నాకు
ఉండీ లేనట్టుండే ద్రుతం గుర్తొచ్చింది.
నకారానికి ఏ భాషలోనూ కాలు నిలవదు కాబోలు.)

ఎస్మర్ నోటుబుక్కులో ఆ చుక్క పెట్టుకోలేదు.
ఆమె తమ్ముడి పేరు నూన్‌తోనే మొదలు.
నూరియేల్.
పదకొండేళ్ళ కిందట, కడుతున్న హోటలు, పరంజా, ఆరో అంతస్తు.
అప్పటినుంచి ఇంట్లో ఆ పేరు లేదు.
"వాడు" అనే మాట కూడా లేదు.
అతని చొక్కాని "ఆ నీలం చొక్కా" అంటారు.

నాన్న హబీబ్ జాఖోలో పుట్టాడు,
దుంగలు కట్టి నది మీద తెప్పలు నడిపిన ఇంట్లో.
ఆయన అరమాయిక్‌లో నూన్ అంటే చేప.
రోజుకు మూడుసార్లు ఆ కీర్తన చదువుతాడు
అక్షరమాల మెట్లు దిగుతున్నట్టు,
ఆలెఫ్, బేత్, గీమెల్...
మేమ్ దాకా వచ్చి
తిన్నగా సామెఖ్ మీద అడుగేస్తాడు.
మధ్యలో నూన్ పాదం లేదు.
పడటమనే మాట అక్కడే మొదలవుతుందని
దావీదు భయపడ్డాడంటారు.
భయపడి ఊరుకోలేక, మరుసటి పాదంలో
పడేవాళ్ళందరికీ భుజం ఆనించాడంటారు.
సామెఖ్ అంటే ఆ ఊతమే,
ఎక్కడా మూల లేకుండా, బావి ఒరలా గుండ్రంగా.

ఎస్మర్‌కి ఈ కథ నచ్చదు.
ఊతం ఒక పాదం ఆలస్యంగా వచ్చింది, అంటుంది.
ఆరో అంతస్తు నుంచి
ఒక పాదం చాలా దూరం.

శుక్రవారం పొద్దున చేపలు బాగుచేస్తూ అడిగేసింది:
"మృత సముద్రం గుహల్లో దొరికిన తోలు మీద
నూన్ పాదం ఉందట నాన్నా, పంతులమ్మ చెప్పింది."
హబీబ్ పొలుసులు గీకుతూనే ఉన్నాడు.
"ఏమని ఉందట?"
"నమ్మదగినవాడు, అని."
కత్తి ఆగింది.
"గుహ దాచుకున్నది గుహకే ఉండనీ."
ఇంకో చేప అందుకుని, చాలాసేపటికి,
"వాళ్ళ పుస్తకంలో ఉందంటే
వాళ్ళ పిల్లలెవరూ పడలేదేమో."

సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు
ప్రార్థన పుస్తకం తెరిచింది
పెన్సిలుతో ఒక్క చుక్క పెడదామని.

మేమ్ పాదానికీ సామెఖ్ పాదానికీ మధ్య
కాగితం లేదు.
రోజుకు మూడుసార్లు, పదకొండేళ్ళు,
బొటనవేలు ఆగి ఆగి
అరిగిపోయిన చోట గోరంత కన్నం.
అందులోంచి వెనక పేజీ అక్షరం ఒకటి
సగం కనిపిస్తోంది.

ఏ అక్షరమో చూద్దామని వంగింది.
స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగింది.
పెన్సిలు చెవి వెనక దోపుకుని
చేపలకి ఉప్పు పట్టించడానికి వెళ్ళింది.