కొలతల బుక్కు

ఇరవై ఎనిమిదేండ్ల సంది రాస్తున్న బుక్కు.
అట్ట రెండుసార్లు ఊడింది, పాత క్యాలెండర్‌తోని మళ్ళ ఏసిన.
చిక్కడపల్లి గల్లీల నా మిషిను ముందర
చేతులు పక్కకు చాపి నిలబడని ఆడమనిషి తక్కువ.
ఛాతి, నడుము, భుజం, వీపు పొడుగు.
పేర్లు మర్చిపోత గని అంకెలు మర్చిపోను.

అందరియి పెరుగుతయ్.
అందుకే కుట్టు లోపట ఇంచున్నర గుడ్డ దాస్త,
రేపు ఇప్పుకోనీకె.
తగ్గితే ఏం దాయాలె?

ఇందుమతి టీచరు వీపు పదిహేను.
ఆరేండ్లకు పద్నాలుగున్నర.
మొన్న దసరాకు పద్నాలుగు కన్న పావు తక్కువ.
టేపు సాగిందనుకొని కొత్తది కొన్న.
కొత్తది సుత అదే చెప్పింది.
ఆమె జారలే, పడలే.
మంజీర నీళ్ళొచ్చిన పొద్దు బకెట్ లేపింది, అంతే,
వెన్నుల ఒక పూస అప్పడమోలె నలిగింది.
ఇప్పుడామె జాకెట్ల హుక్కులన్ని ముందుకు మార్చిన.

దర్జీకి కొలత ఎవరు తీస్తరు?
పని నేర్చుకునే రుఖియా చేతికి టేపిచ్చిన.
"ఆంటీ, మీ పాత జాకెట్ కన్న ముప్పావు ఇంచు..."
అని నవ్వబోయి ఆగింది పిల్ల.
ముట్లుడిగి తొమ్మిదేండ్లాయె.
పీడ వోయిందనుకున్న గని
పోతపోత ఏం పట్టుకపోయిందో చూసుకోలే.

నారాయణగూడల మిషిను కింద పండవెట్టిండ్రు.
కాగితం మీద మైనస్ రెండు పాయింట్ ఆరు.
మైనస్ అంటే నాకెర్కలే.
గుడ్డ తక్కువ పడ్డదంటే ఎర్క.

"అవిసెలు తినమంటున్నరు, సోయా తినమంటున్నరు, నిజమేనా?"
డాక్టరమ్మ చిన్నది, నా బిడ్డ ఈడుది.
"మీ ఒంట్లో తగ్గిపోయిన దానికి
పోలిక ఉన్నది ఒకటి ఆ గింజల్లో ఉంటుంది.
పోలిక మాత్రమేనమ్మా."

నాకు మ్యాచింగ్ సెంటర్ యాదికొచ్చింది.
చీరె అంచు పట్టుకొని పోత,
అన్ని పచ్చలు ముందట గుమ్మరిస్తడు.
ట్యూబ్‌లైటు కింద ఇదే అనిపిస్తది,
బయట ఎండల పెడితే కాదు.
అయినా పండుగ పొద్దు నెత్తి మీదికొస్తే
దాంతోనే కుట్టిన.
కొన్నిసార్లు ఎవ్వలు గుర్తువట్టలే.
కొన్నిసార్లు మొదటి ఉతుకుడుకే బయటపడ్డది.

"కొందరి పేగుల్లో అది బాగా మారుతుంది, కొందరిలో మారదు.
కొన్ని పరీక్షలు మేలంటాయి, కొన్ని తేడా లేదంటాయి.
తినండి, ఆహారమే కదా.
నేను రాసిన గోలీ మాత్రం మానకండి, నడక మానకండి."

గిట్ల, ఏమో అన్న మనిషిని నేను నమ్మిన.
పక్కా మ్యాచింగ్ అన్న దుకాణపోన్ని
ఎన్నడు నమ్మలే.

బేగంబజార్ల అరకిలో అవిసెలు తెచ్చిన.
పెంక మీద చిటపటమంటయ్,
ఎండుమిర్చి, ఎల్లిపాయ ఏసి దంచుకున్న.
రుచికే తింటున్న, మిగిలింది దాని దయ.
గోలీ వారానికొకటి, పరిగడుపున.
మింగినంక అరగంట ఒరగొద్దన్నరు,
ఆ అరగంట డాబా మీద ఎండల తిరుగుత.
నీళ్ళు మగ్గులతోని మోస్తున్న, పని ఆలస్యమైతే కానీ.

బుక్కు ఆఖరి పేజీల నా పేరు రాయించిన.
రుఖియా వీపు మీద టేపు పెట్టి
బొటనవేలుతోని జెరంత కిందికి గుంజుతున్నది.
నాకు తెలుస్తది గద, అదే పని చేసుకుంట ముసలైన.

గుంజకు బిడ్డ.
ఎంతుంటే అంత రాయి.