మంచినీళ్ల ఓడ

పోర్ట్ కెంబ్లాలో ఉక్కు ఫ్యాక్టరీ గోడనానుకుని
రెండు గదుల మ్యూజియం.
శనివారాలు తాళం తీసేది నేనే.
మూడో బీరువాలో నీలం అట్టల ఫైలు ఒకటి:
కియోసె మారు, జపాను నౌకాదళ సహాయ నౌక.
పని: మంచినీళ్లు మోయడం.

యుద్ధనౌకలకైతే లావుపాటి పుస్తకాలున్నాయి.
దీనికి ఒకటిన్నర పేజీ,
అదీ ఎవరో ఇంగ్లీషులోకి దించి, సగం కొట్టేసి.

మొదట అరటిపళ్ల ఓడట.
ఫార్మోసా నుంచి గెలలు తెచ్చేది.
నలభై ఒకటిలో నేవీ వాళ్లొచ్చి
గెలలు వేలాడే కొక్కేలు కోసేసి
లోపల సిమెంటు పూసి
తొమ్మిది వందల టన్నుల నీళ్లు పట్టేలా చేశారు.
అయినా ఎండ ముదిరితే అడుగు గదిలో
మాగిన పళ్ల వాసన వస్తోందని
పంపు మనిషి ఒకడు ఇంటికి రాసుకున్నాడు.

తర్వాతంతా పద్దు.
డిస్ట్రాయరుకి నూట ఇరవై టన్నులు.
ఇంకో డిస్ట్రాయరుకి తొంభై.
ట్రక్ దీవుల దగ్గర ఆసుపత్రి ఓడకి అరవై, అరువు.
నీళ్లు పోయించుకున్న ఓడలు పదిహేడు.
పద్నాలుగింటి పక్కన ఎర్ర పెన్సిల్ గీత.
అరువు తీరినట్టు లేదు.

మా కనిగిరిలో ఎండాకాలం నీళ్ల లారీ వచ్చేది.
బిందెలు ముందురాత్రే వరస కట్టేవి.
బిందె లేనివాళ్లు రాయి పెట్టేవాళ్లు.
జుట్టూ జుట్టూ పట్టుకున్న రోజున కూడా
ఆ రాయిని ఎవరూ జరిపేవాళ్లు కాదు.
లారీ దావీదు తను ఎక్కడ తాగుతాడో
మేమెప్పుడూ అడగలేదు.

ఇక్కడితో ఆపేస్తే బావుండును.
కానీ ఆ నీళ్లతో అన్నం వండుకు తిన్నవాళ్లు
తెల్లారి ఎవరి మీద గురిపెట్టారు?
నీళ్లకేం తెలుసు, అనేయొచ్చు.
పంపు తిప్పినవాడికి తెలుసు.
వాడికీ దాహం వేస్తుంది, అదొకటి.

నలభై నాలుగులో ఓ మధ్యాహ్నం
మూడో ట్యాంకు మీద బాంబు.
నివేదికలో రెండు ముక్కలు:
పోయినవి, మంచినీళ్లు మూడు వందల టన్నులు. మనుషులు ఇద్దరు.
ఆ వరసలోనే.
పేర్లు లేవు.
ఉప్పు సముద్రం మధ్య కాసేపు
తియ్యటి మడుగొకటి నిలిచిందా,
చేపలు తెల్లబోయి పక్కకి తప్పుకున్నాయా,
ఇలాంటివి ఫైళ్లలో రాయరు.

యుద్ధమయ్యాక ఓడిన సైనికుల్ని ఇళ్లకి చేరవేసింది.
ఆపైన తుక్కు కింద అమ్ముడై
ఒక టగ్గు వెనకాల ఈ రేవుకొచ్చింది.
నోలా ప్రెంటిస్ వాళ్ల నాన్న గ్యాస్ కట్టర్ పట్టుకుని ఎక్కాడు.
ట్యాంకు కోస్తే లోపల
మోకాలి లోతు నీళ్లు, ఇంకా.
జట్టులో లెస్ గోరీ అని ఒకడు,
మూడేళ్లు జపాను వాళ్ల ఖైదీగా ఉండొచ్చినవాడు,
దోసిట్లోకి తీసుకున్నాడట.

నోలా ఈ కథ నాకు మూడుసార్లు చెప్పింది.
ఒకసారి తాగాడంది.
ఒకసారి ఉమ్మేసి, తుప్పు, అన్నాడంది.
ఒకసారి మొహం కడుక్కుని
ఆ రోజు కూలి వదులుకుని వెళ్లిపోయాడంది.
ఏదో ఒకటి కార్డు మీద రాసెయ్, అంది.
ఇంకా రాయలేదు.

ఓడలో మిగిలింది ఒక ఇత్తడి కుళాయి.
పిల్లలొస్తే తిప్పి చూస్తారు,
ఏమీ రాదని తెలిసీ
కింద చెయ్యి పెడతారు.

కిందటి శనివారం బీచిలో
రెండు నల్లరాళ్లు ఏరుకొచ్చి
కుళాయి పక్కన పెట్టాను.
ఏంటివి, అంది నోలా.
వరసలో ఉన్నారు, అన్నాను.
కళ్లద్దాల పైనుంచి ఓ చూపు చూసి
కెటిల్‌లో నీళ్లు పట్టడానికి పోయింది.

ఇవాళ వచ్చి చూస్తే
అర అంతా దుమ్ము తుడిచి ఉంది.
రాళ్లు ఉన్నచోటే ఉన్నాయి.