చాపతో సహా

పడవలో తూకం మిషను నా ఒళ్లోనే కూర్చుంటుంది,
తడవకుండా ప్లాస్టిక్ సంచీ కప్పుకుని, పసిపిల్లలా.
నెయాఫు రేవు నుంచి ఆ చిన్న దీవికి నలభై నిమిషాలు.
పడవ నడిపే హోపోఆతే ప్రతిసారీ అదే హాస్యం:
"నువ్వు దిగితే గానీ ఇది తేలదు అక్కా."
నవ్వుతాను. నూటనాలుగు కిలోలు నేను.
ఫారంలో నా గడి పేరు
స్త్రీలు, ముప్పై అయిదు నుంచి నలభై నాలుగు, బయటి దీవులు.

లెక్క ఎటు మొగ్గుతుందో చూడకుండానే చెప్పగలను.
మగవాళ్లకంటే మా ఆడవాళ్లు ఎక్కువ,
రాజధానిలో బల్ల ముందు కూర్చునేవాళ్లు
కొబ్బరి దింపేవాళ్లకంటే ఎక్కువ,
పెళ్లయిన ఏడాదికి అందరూ కాస్త ఎక్కువ.
డెబ్బై దాటాక మళ్లీ తగ్గుతారు,
ఇచ్చినదాన్ని సముద్రం మెల్లగా వెనక్కి లాక్కున్నట్టు.
సగటు మనిషి అంటారే,
ఆ మనిషి మాత్రం ఏ గుమ్మంలోనూ నాకు ఎదురుపడలేదు.

మొదటి ఇల్లు ఫేతుఉది. నూటముప్పై ఒకటి.
తెల్లవారకముందే పట్టిన చేప
మధ్యాహ్నానికి విమానం ఎక్కేసింది.
ఆ డబ్బుతో కొన్న గొర్రె డొక్కల కొవ్వు
న్యూజిలాండ్ నుంచి గడ్డకట్టి వచ్చింది.
"అక్కడివాళ్లు పక్కకు తీసేసే ముక్క" అన్నాను.
"తెలుసు" అన్నాడు. "చేప డబ్బవుతుంది,
డబ్బు కొవ్వవుతుంది, కొవ్వు నేనవుతాను.
దాపరికమేముంది, రాసుకో."

పక్కింట్లో కలోలైనే, కొత్త కోడలు. యాభై ఎనిమిది.
నా పటంలో పచ్చ గడి. పొద్దుట్నుంచీ అదొక్కటే పచ్చ.
బాగుందమ్మా అనబోయాను,
అత్తగారు తల దించుకుంది.
"ఎంత పెట్టినా ఒంటికి పట్టడం లేదు,
మేం కడుపు మాడుస్తున్నామని ఊరంతా అనుకుంటోంది.
ఆ అంకె ఎవరికీ చెప్పకు."
చెప్పనన్నాను.

చివరి ఇల్లు ఓఫేఇనా పెద్దమ్మది.
చంకల కిందినుంచి చీలమండల దాకా
అంచులు పీలికలైన మైలచాప చుట్టుకుని ఉంది.
విప్పమని అడగలేం. భర్త పోయి మూడు వారాలు.
చాపతోనే ఎక్కింది, నా భుజం పట్టుకుని,
మిషను కిర్రుమంది.
నూటపందొమ్మిది పాయింటు నాలుగు.

ఫారంలో కింద చిన్న అక్షరాలు:
బట్టలకు ఒక కిలో తీసివేయండి.
"ఈ చాప ఎంత ఉంటుంది పెద్దమ్మా?"
ఆవిడ చాలాసేపు సముద్రం వైపు చూసింది.
వినలేదేమో అనుకున్నాను.

"చక్కెర జబ్బుకి మా లాతూ కాలు తీసేశారు కదా,
ఆ తర్వాత ఆసుపత్రిలో తూచారు.
పదకొండు కిలోలు తగ్గాడు.
ఎర్ర గడిలోంచి నారింజ గడిలోకి వచ్చాడని
నర్సు చీటీ మీద రాసింది.
ఆ నర్సువి నువ్వే."

నేనే.
చేతిరాత కూడా గుర్తొచ్చింది,
గీత మీద గీత, పద్ధతిగా.

ఏమీ తీసివేయలేదు ఈసారి.
అంకె ఉన్నదున్నట్టు రాసి
పక్కన ఖాళీలో "చాపతో సహా" అన్నాను.
సోమవారం రాజధాని నుంచి ఫోను వస్తుంది,
కంప్యూటరు ముందున్న కుర్రాడు అడుగుతాడు
చాపకి కోడు నంబరు ఎంత అని.

వెళ్లబోతుంటే పళ్లెం వచ్చింది.
చేమాకులో చుట్టి, కొబ్బరిపాలు పోసి,
రాళ్ల పొయ్యిలో ఉడికించిన అదే డొక్క కొవ్వు.
మైల ఇంట్లో పెట్టింది కాదంటే తప్పు.
మిషను పక్కన పెట్టి
నేలమీద కూర్చుని తిన్నాను,
పెద్దమ్మ నా చేతినే చూస్తూ ఉంది.
రుచి గురించి ఏ గడిలోనూ అడగలేదు గనక
ఇక్కడ చెబుతున్నాను:
చాలా బాగుంది.