మూడో బొత్తాం

పోర్ట్ టాల్బట్‌లో తెల్లారకముందే వాన.
డిల్విన్‌కి చొక్కా తొడిగి
ఆరు బొత్తాలూ నేనే పెట్టాను.
ఉక్కు కొలిమి ముందు ఇరవై రెండేళ్లు నిలబడ్డ తమ్ముడు,
ఇప్పుడు చెంచా కూడా వాడి చేతిలో నిలవదు.

ఆఫీసులో అమ్మాయి మంచిదే. మంచినీళ్లిచ్చింది.
ఖాళీ అట్టపెట్టె ఎత్తగలరా?
పౌండు నాణెం తీయగలరా?
బస్సు దిగి ఎంత దూరం నడిచారు?
వాడేమో పరువు గలవాడు:
"పర్లేదు, నెట్టుకొస్తున్నా."
కీబోర్డు టకటకా ఆ ఒక్క మాటా ఏరుకుంది.

మూడు వారాలకి ఉత్తరం. సున్నా పాయింట్లు.
"శుభ్రంగా, పొందికగా దుస్తులు ధరించి వచ్చారు."

ఇవాళ అప్పీలు.
అదే చొక్కా.
మూడో బొత్తాం దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి.
వాడు కిటికీలోంచి రోడ్డు చూస్తూ
"కానీ అక్కా,
బస్సెళ్లిపోతుంది" అన్నాడు.