మిగతావన్నీ మారకపోతే

మిల్డ్యూరాలో మంగళవారం రాత్రి క్లాసు.
తెల్లబోర్డు మీద రెండు గీతలు గీస్తాను.
ఒకటి దిగుతుంది, ఒకటి ఎక్కుతుంది.
కలిసినచోట చుక్క పెట్టి
ఇదే ధర అంటాను.
"మిగతావన్నీ మారకపోతే" అని
మందు సీసా మీది చిన్నక్షరాల్లా
గొంతు తగ్గించి కలుపుతాను.

వెనక వరసలో సావెరియో, అరవై నాలుగేళ్ళు.
గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి.
పాత నీటి బిల్లుల వెనకవైపు నోట్సు రాసుకుంటాడు.

ఇవాళ ఆస్తి హక్కు.
హద్దు ఉన్నదాన్నే అమ్మగలం,
ఎవరిదీ కానిదాన్ని అందరూ తోడేస్తారు,
ఒకరి చేతికిస్తే చూసి వాడతారు.
పుస్తకం మాట ఇది. అబద్ధమేం కాదు.

సావెరియో చెయ్యెత్తాడు.
"మా నాన్న నాటికి నీళ్ళు నేలకే అంటుకుని ఉండేవి.
నేలమ్మితే వెంట పోయేవి, ఆవు వెనక దూడలా.
తర్వాత రెంటినీ విడదీశారు.
నేల ఒక కాగితం, నీళ్ళు ఒక కాగితం.
వానలు మొహం చాటేసిన ఏడు
బ్యాంకు ఫోను చేసింది.
నీళ్ళ కాగితం అమ్మేశాను.
మోసమేం లేదు, సరిగ్గా మీ చుక్క దగ్గరే."

ఎవరు కొన్నారని అడిగాను.

"ఏదో కంపెనీ. సిడ్నీలో ఉంటుందట.
దానికి చెట్టూ లేదు, దాహమూ లేదు.
మర్రే నది ఇంకా నా కంచె పక్కనుంచే పోతోంది.
ఇంటి వాడకానికి బకెట్టు ముంచుకోవచ్చు.
నేను తాగొచ్చు,
నా తోట తాగకూడదు."

తెలుగులో వాటాకీ, వరసకీ ఒకటే మాట: వంతు.
నీ వంతు తీసుకో, నీ వంతు వచ్చేదాకా ఆగు.
ఇంగ్లీషులో దాన్నెలా చెప్పాలో తోచక
మార్కరు మూత తీసి పెట్టాను, తీసి పెట్టాను.

ముందు బెంచీలో ఫెరెష్తా
పుస్తకంలోంచి తలెత్తకుండానే అంది,
"ఆ నీళ్ళు బాదం తోటలకే వస్తున్నాయేమో.
మా నాన్న అక్కడే పని చేస్తాడు.
మా అద్దె, నా ఈ క్లాసు ఫీజు..."
మిగతాది మింగేసింది.

గది చల్లబడింది.
ఎవరూ తప్పు చెయ్యలేదు.
కొన్నవాడికి లాభం, అమ్మినవాడికి లాభం,
ఆ రెండు త్రికోణాలకూ రంగు వేసి
మొత్తం పెరిగిందని నిరూపించగలను.
వేశాను కూడా.
పీకేసిన తీగల గుంతలు
ఏ గీతకి ఎడమవైపు వస్తాయో
ఎవరూ అడగలేదు, అదృష్టం.

సావెరియో లేచాడు.
కోటు జేబులోంచి కాగితం పొట్లం తీసి
ముందు బెంచీ మీద విప్పాడు.
ఎండుద్రాక్ష.
"వంటింటి వెనక నాలుగు తీగలుంచుకున్నా.
అవి ఇంటి వాడకం" అని కన్ను గీటాడు.

ధర లేదు కదా,
ఎన్ని తీసుకోవాలో తెలియక
ఫెరెష్తా బోర్డు వంక చూసింది.