మూడో చెయ్యి

కాలేజీ గేటు కాడ ఉగ్గాని బండి నాది.
నానిన బొరుగులు పిండేకి ఒక చెయ్యి,
బజ్జీలు తిప్పేకి ఒక చెయ్యి,
చిల్లర ఇచ్చేకి ఇంగొకటి ఉంటేనా అని
రోజుకు నూరుసార్లు అనింటా.
ఆ మాట ఇన్నట్లుండాడు మద్దిలేటి,
నాలుగో సంవత్సరం పిల్లోడు,
నాకు ఇరవై మూడు ప్లేట్ల బాకీ.
"రా అక్కా, ఒకటిస్తా" అనె.

ల్యాబులో ఏసీ చలి. చెప్పులు బయట ఇడిస్తి.
మొగానికి బరువైన అద్దాలు కట్టినాడు,
కాలి బొటనేళ్లకు రెండు పట్టీలు.
కండ్లు తెరిస్తే తెల్లటి రూము, గోడల్లేవు.
కిందికి చూసుకుంటే నా చీర లేదు.
ఎడమ పక్కటెముకల్లోనించి
బూడిద రంగు చెయ్యొకటి పుట్టి ఏలాడతాంది,
ఎవురి బిడ్డో తిరునాళ్లలో నా కొంగు పట్టుకున్నట్లు.

కుడి బొటనేలు నొక్కితే ముందుకు పోతాది,
ఎడమది వంచితే పిడికిలి మూస్తాది.
ఎర్ర చెండు పట్టుకోమంటాడు.
పట్టుకోబోతే నా సొంత చెయ్యి లేస్తాది.
"అది కాదక్కా, దాన్ని ఊరికే ఉండనీ."
నలభై ఏండ్లు ఏ పని ముందుకొస్తే ఆ పని చేసిన చేతులు
ఊరికే ఉండమంటే ఉంటాయా?
పదకొండు చెండ్లు జారిపోయె.
కింద పడిన సప్పుడు గూడా లేదు.

పెద్దమ్మ గుళ్లో బొమ్మకు ఎనిమిది చేతులు.
ఏ చేతిలో కత్తుండాదో, ఏ చేతిలో గిన్నుండాదో
ఆయమ్మ ఒక్కసారన్నా తికమక పడలేదా?
ఆయమ్మకు బొటనేళ్లకు పట్టీలు కట్టినోడెవుడో.

పని అయినాక కాగితం తెస్తాడు. చదివేది వాడే.
"ఆ చెయ్యి నీదేననిపించిందా?
ఒకటి నించి ఏడు దాకా ఒక నంబరు చెప్పు."
ఒకటి, అన్నా.
ఈ రెండూ నావేనా అని ఇంతవరకూ ఎవురడిగినారు?
అడిగింటే మూడని చెప్పుందును,
పొద్దున పొయ్యివి, సాయంత్రం ఫైనాన్సోనివి.

తొమ్మిదో రోజు బొటనేలును తలుచుకోనే లేదు.
చెండు వస్తాంటే చెయ్యి పోయింది, అంతే.
హంద్రీలో నీళ్లున్న కాలంలో
ఈత వచ్చిన రోజు గూడా ఇట్లనే,
నీళ్లను మర్చిపోయింటి.
ఐదు, అన్నా. నవ్వుతా రాసుకున్నాడు.
ఆ సాయంత్రం మూకుడు ముందర నిలబడుంటే
చెప్పులో బొటనేలు తనంతట తాను వంగుతాంది.
ఒక వాయి మొత్తం మాడిపోయె.

నెల అయిపోయె. అద్దాలు విప్పినారు.
నెత్తురు రాలే, కుట్లు పడలే.
పక్కటెముకల కాడ మాత్రం
పన్ను పీకినాక నాలిక ఊరికే పోయే చోటు మాదిరి
ఒక బోసి.
కాగితంలో ముప్పై ప్రశ్నలుండె,
తీసేసినాక ఏమైతాదని ఒక్కటీ లేదు.
మద్దిలేటి బాకీ కట్టి
పైన ఐదునూర్లు చేతిలో పెట్టినాడు.
ఏ చేతిలో, అని నోటి దాకా వచ్చె.

ఇంట్లో మా ఉరుకుందప్ప.
బేతంచెర్ల పాలిషు ఫ్యాక్టరీలో
బండ కోసే బ్లేడు కుడిచెయ్యిని
మణికట్టు దాకా తీసుకొని ఆరేండ్లు.
నడిరాత్రి లేసి కూచుంటాడు:
"అరచెయ్యి జిల పుడతాంది సుంకులూ."
యాడుండాదయ్యా అరచెయ్యి, పండుకో,
అని ఆరేండ్లుగా కసురుకుంటాండా.

ఈ రాత్రి ఆ మాట రాలేదు నాకు.
కరెంటు పోయింది. చీకట్లో
కుడి బొటనేలు నొక్కితి,
మెల్లగా, ఇది చెండు కాదనుకుంటా.
ఎడమది వంచితి.

వాడు ఉలిక్కిపడలే.
రోంచేపు ఊపిరి బిగబట్టి ఉండె.
"ఇంగ రోంత పైకి" అనె.